గర్జనకీ ధిక్కారానికీ మధ్య ఒక అరసున్న

ముప్పై నాలుగేళ్లు ఒకే దినపత్రికలో ప్రూఫులు దిద్ది రిటైరైన పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. ఆఫీసులోనూ వీధిలోనూ ఆయన్ని అందరూ అరసున్న గారనే పిలిచేవారు. ఎవరో సరదాకి పెట్టిన పేరు, అలాగే అతుక్కుపోయింది. మనిషి సన్నగా, నడుం దగ్గర కొంచెం వంగి, పాత పుస్తకాల్లో సగం గీసి వదిలేసిన సున్నలాగే ఉండేవాడు. గదిలో ఉన్నా ఉన్నట్టు తెలిసేది కాదు. అరసున్న సంగతీ అంతే కదా! ఉన్నా ఎవరూ పలకరు, తీసేసినా ఎవరూ అడగరు. ఆయనకి ఆ పేరు మీద కోపం లేదు. "నిండు సున్న అనలేదు, అదే పదివేలు" అనేవాడు.

రిటైరైన ఏడాదికి కూతురు ఆయన చేతిలో ఒక స్మార్ట్‌ఫోన్ పెట్టింది. "కాలక్షేపం అవుతుంది నాన్నా" అంది. కాలక్షేపం మాట దేవుడెరుగు, మొదటి వారంలోనే ఆయన బీపీ పెరిగింది. లోకంలో ఇంతమంది ఇన్ని తప్పులు రాస్తున్నారనీ, వాటిని దిద్దే నాథుడే లేడనీ ఆయనకి అప్పటిదాకా తెలియదు. ఫోన్ చూస్తూ చూస్తూ చొక్కా జేబులోంచి ఎర్ర కలం తీసేవాడు. అద్దం మీద గీయలేక మళ్లీ జేబులో పెట్టుకునేవాడు. చివరికి ఉండబట్టలేక కామెంట్లలోనే దిద్దడం మొదలుపెట్టాడు. "'భాద్యత' కాదండీ, 'బాధ్యత'. నమస్కారం." అంతే. ఎవరినీ తిట్టడు, ఎవరినీ మెచ్చుకోడు. రాజకీయాల్లో ఆయనకున్న పట్టుదల ఒక్కటే: వాక్యం మొదలుపెట్టినవాడు దాన్ని ముగించాలి.

ఆ చిన్న పనికి ఆయనకి దక్కిన బిరుదులు అన్నీ ఇన్నీ కావు. కుడిపక్షం వాళ్ల పోస్టు దిద్దితే "ఎడమ ఏజెంటు" అన్నారు. ఎడమపక్షం వాళ్ల పోస్టు దిద్దితే "కుడి తొత్తు" అన్నారు. ఒకడైతే ఆయన ఫొటో మీద కొమ్ములు గీసి, కింద "కొమ్ముల తాత" అని రాశాడు. అందులో తప్పు లేదు కాబట్టి ఆయన ఊరుకున్నాడు.

ఇదంతా ఫోన్‌లో ఉన్నంతసేపూ ఆయనకి వినోదంగానే ఉంది. అది ఇంట్లోకి వచ్చాకే బాధ మొదలైంది.

ఆ మధ్య నగరపాలక సంస్థ వీధుల్లోని పాత చెక్క బెంచీలు పీకేసి, మధ్యమధ్య చేతులున్న ఇనప బెంచీలు వేయించింది. వాటి మీద ఎవరూ పడుకోకుండా ఆ చేతులు. అంతే, ఫోన్‌లో లోకం రెండుగా చీలిపోయింది. కుడివైపు 'గర్జన' అనే పేజీ ఇలా అంది: "కష్టపడి పన్ను కట్టేవాడు కూర్చోవాలా, ఒళ్లు వంచనివాడు కాళ్లు చాపాలా? మోహమాటం లేకుండా అడుగుతున్నాం.... మేలుకో!" ఎడమవైపు 'ధిక్కారం' అనే పేజీ అదే రోజు ఇలా అంది: "ఇవాళ బెంచీకి చేతులు మొలిచాయి అంటే.... రేపు అవే మన గొంతు పట్టుకుంటాయి. మోహమాటం వద్దు, ప్రశ్నించు!"

అరసున్న గారి బావమరిది, అంటే ఆయన భార్యకి తమ్ముడు, తాళాల దుకాణం నడిపేవాడు. పొద్దున్నే షట్టర్ ఎత్తుతూనే గర్జన చూసేవాడు. కూతురు ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు. పేషెంటుకీ పేషెంటుకీ మధ్య ధిక్కారం చదివేది. బెంచీల మీద గర్జన పెట్టిన పోస్టుని మామయ్య తన గోడ మీద పెట్టుకున్నాడు. దాని కింద మేనకోడలు ధిక్కారం పోస్టు తెచ్చి అతికించింది. ఆయన "కళ్లు మూసుకున్న తరం" అన్నాడు. ఈవిడ "గుడ్డిగా చప్పట్లు కొట్టే తరం" అంది. సాయంత్రానికి ఒకరినొకరు బ్లాక్ చేసుకున్నారు. చిన్నప్పుడు ఆ పిల్లని భుజాల మీద కూర్చోబెట్టుకుని వీధంతా తిప్పిన మామయ్య, ఎనిమిది నెలలుగా ఆమెతో మాట్లాడటం లేదు. నిజానికి వాళ్లిద్దరూ ఆ బెంచీల్లో ఒక్కదాని మీదైనా కూర్చోలేదు.

ఆదివారం అందరూ కలిసి తినడం ఆ ఇంట్లో అలవాటు. ఇప్పుడు మామయ్య పన్నెండింటికి వచ్చి తిని వెళ్లేవాడు. కూతురు రెండింటికి వచ్చేది. లెక్కల టీచరుగా పనిచేసి రిటైరైన అరసున్న గారి భార్యకి ఒళ్లు మండిపోయేది.

"ఒకే కూర రెండుసార్లు వేడి చేస్తున్నాను. ఇలాగే సాగితే నేనూ ఒక పక్షం పెడతా. ఎవరి కంచం వాళ్లే కడుక్కునే పక్షం."

వేడి చేయడం ఒక ఎత్తయితే, వాళ్ల మాటలు ఒక ఎత్తు. పన్నెండింటికి తమ్ముడు ముద్ద నోట్లో పెట్టుకుని అనేవాడు: "ఈ కూరలో ఉప్పు తగ్గింది. అడిగేవాడు లేకే కదా పరిస్థితి ఇలా తయారైంది! ఇంకెన్నాళ్లు భరిద్దాం?"

"ఉప్పు డబ్బా నీ మోచేతి పక్కనే ఉందిరా."

రెండింటికి కూతురు అనేది: "ఈ ఇంట్లో ఎప్పుడూ అమ్మే వడ్డించాలన్న ఆలోచన వెనక ఏ శక్తులున్నాయో మనం ప్రశ్నించాలి."

"శక్తుల సంగతి తర్వాత. ముందు ఆ గిన్నె ఇటు అందుకో."

అరసున్న గారు రెండు పూటలా నోరు మెదపకుండా తినేవాడు. కానీ చెవులు ఊరుకోవు కదా. ముప్పై నాలుగేళ్ల అలవాటు. మామయ్య మాటా, మేనకోడలి మాటా వేర్వేరే. అయినా ఒక ఆదివారం, ఆ రెండింటి కుట్టు ఒకటే అని ఆయనకి ఎక్కడో తట్టింది.

మర్నాడు కిటికీ దగ్గర కూర్చుని గర్జననీ ధిక్కారాన్నీ ఏడాది వెనక నుంచి చదువుకుంటూ వచ్చాడు. అచ్చుతప్పుల్లో రెండు రకాలు. ఊరందరూ చేసేవి కొన్ని. 'భాద్యత' లాంటి తప్పుతో ఎవర్నీ పట్టుకోలేం. ఒక్కరే చేసేవి కొన్ని. అవి వేలిముద్రలు. 'మొహమాటం' అనే మాటని 'మోహమాటం' అని రాసే మనిషిని ఆయన తన ఉద్యోగ జీవితంలో చూడలేదు. మొహంలో ఉండాల్సిన బెరుకు మోహంలో పడటం! ఇక్కడ ఆ ముచ్చట రెండు పేజీల్లోనూ ఉంది. పైగా వాక్యం మధ్యలో చుక్కలు. మూడు కాదు, అయిదు కాదు, లెక్కపెట్టినట్టు నాలుగు. అదీ రెండు చోట్లా.

ఆయన చెయ్యి జేబులోని ఎర్ర కలం మీదకి పోయింది. అయినా తొందరపడలేదు. ధిక్కారానికి మాత్రం లోపాయికారీగా ఒక మెసేజ్ పెట్టాడు. "అది 'మొహమాటం' అండీ. మొదటి అక్షరానికి దీర్ఘం అక్కర్లేదు. నమస్కారం." గర్జనకి ఒక్క ముక్క కూడా రాయలేదు.

మూడో రోజున గర్జన ఇలా గర్జించింది: "మొహమాటం లేకుండా చెబుతున్నాం...."

అరసున్న గారు కుర్చీలోంచి లేచి, గదిలో రెండు చుట్లు తిరిగి, మళ్లీ కూర్చున్నాడు. ఇంట్లో ఎవరికైనా చెబుదామని నోటి దాకా వచ్చింది. మింగేశాడు. ధిక్కారానికే ఇంకో మెసేజ్ పెట్టాడు: "రెండు చోట్లా దిద్దుకున్నందుకు సంతోషం."

ఎప్పుడూ నిమిషంలో జవాబిచ్చే పేజీ ఆ రోజు గంటన్నర మౌనంగా ఉంది. తర్వాత జవాబు వచ్చింది. "సార్, దయచేసి ఎవరికీ చెప్పకండి. ఒకసారి వస్తారా? టీ ఇస్తాను." కింద ఒక చిరునామా.

అది కళ్లజోళ్ల దుకాణం పైన మూడో అంతస్తు. తలుపు మీద 'సమాచార సేవలు' అని రాసి ఉంది. లోపల ముప్పై అయిదేళ్ల అమ్మాయి ఒకతె, జుట్టు పెన్సిలుతో ముడి వేసుకుని, కాళ్లకి చెప్పుల్లేకుండా నిలబడి ఉంది. చిన్న గది. ఎదురెదురు గోడలకి రెండు బల్లలు, వాటి మీద రెండు కంప్యూటర్లు. మధ్యలో చక్రాల కుర్చీ ఒక్కటే.

"ఇక్కడ ఎంతమంది పనిచేస్తారమ్మా?"

"ఇద్దరం సార్. నేనూ, ఆ కుర్చీ."

టీ పోస్తూ ఆమె చెప్పుకొచ్చింది. ఇంతకుముందు రేడియోకి ప్రకటనలు రాసేది. పరుపులు, పళ్లపొడులు, నొప్పుల మందులు. తర్వాత ఈ కంపెనీవాళ్లు పిలిచి ఒక పేజీ ఇచ్చారు, బాగా నడిపింది. అవతలి పక్షం వాళ్లూ ఇదే కంపెనీకి వచ్చారు. యజమాని ఆ పేజీ కూడా ఈమెకే ఇచ్చాడు. ఒకదాంట్లో పెట్టాల్సింది ఇంకోదాంట్లో పెట్టకుండా ఉండేందుకే రెండు బల్లలు.

"ఒకసారి పొరపాటు జరిగింది సార్. గర్జనది ధిక్కారంలో పడిపోయింది. ప్రాణం పోయినంత పనైంది. తీసేద్దామని చూస్తే అప్పటికే నాలుగు వందల మంది 'భేష్' అన్నారు. చివర్లో 'మేలుకో' బదులు 'ప్రశ్నించు' అని మార్చి వదిలేశాను."

అరసున్న గారికి నవ్వొచ్చింది. "ఇంతకీ నీది ఏ పక్షం?"

"నాది ఇంటికెళ్లి పక్క మీద పడే పక్షం సార్. ఎటు తిరిగితే అటే." నవ్వేసి, గ్లాసు తిప్పుతూ అంది. "మొదట్లో నాకూ అభిప్రాయాలు ఉండేవి. రెండు వైపులా రోజూ రాసీ రాసీ అరిగిపోయాయి. కుడివాళ్లకి ముందు భయం పెట్టి తర్వాత పౌరుషం వడ్డించాలి. ఎడమవాళ్లకి ముందు కోపం, తర్వాత సిగ్గు. పిండి అదే, అచ్చులే వేరు."

ఆయన తన ఇంటి గొడవ చెప్పాడు. పన్నెండు గంటల భోజనం, రెండు గంటల భోజనం, మధ్యలో కూర వేడి చేసే భార్య. ఆమె మొదట నవ్వుతూనే వింది. తాళాల దుకాణం అనగానే గ్లాసు కింద పెట్టేసింది.

"తాళంచెవుల గుత్తి బొమ్మ పెట్టుకున్న ఆయనేనా? రోజూ మొదటి లైకు ఆయనదే సార్! మీ అమ్మాయి... పెద్ద పెద్ద పేరాలు రాసే ఆవిడా? ఆవిడ వాక్యాలు బావున్నాయని రెండు నేను ఎత్తేశాను కూడా."

తర్వాత ఆమె గొంతు తగ్గింది. "మీ బావమరిది గారి పుట్టినరోజుకి పేజీ తరఫున శుభాకాంక్షలు పంపాను. అందరికీ పంపేవే. ఆయన జవాబు రాశారు. 'ధన్యవాదాలు. ఈసారి మా మేనకోడలు ఫోన్ చేయలేదు' అని. దానికి నేను 'ద్రోహుల్ని తలుచుకుని బాధపడకండి' అని పెట్టాను సార్. ఆ రోజు పొద్దున్నే మీ అమ్మాయి ఇటు అడిగారు. 'అవతలి పక్షంలో ఉన్న మామయ్యకి పుట్టినరోజున ఫోన్ చేయవచ్చా?' అని. నేను 'విలువల దగ్గర రాజీ వద్దు' అన్నాను."

"ఆ కుర్చీలోనే కూర్చుని?"

"ఇటు తిరిగి ఒకటి, అటు తిరిగి ఒకటి."

కింద దుకాణంలో ఎవరో అక్షరాల పట్టీని గట్టిగా చదువుతున్నారు. ఆమె ముక్కు తుడుచుకుని, "పోనీ ఇద్దరికీ పేజీల తరఫున ఇప్పుడే రాసేస్తాను సార్. కలిసిపోండని" అంది.

"వద్దమ్మా. అదీ పేజీ మాటే అవుతుంది. నువ్వు రాసినది చదివేవాళ్ల మొహాలు ఎప్పుడైనా చూశావా?"

"బొటనవేళ్లు చూశాను."

"ఆదివారం ఒంటిగంటకి మా ఇంటికి భోజనానికి రా. నీ సంగతి నేనెవరికీ చెప్పను. ప్రూఫు చదివేవాడు అచ్చుకాని మాట బయటపెట్టడు."

ఆ ఆదివారం భార్య తన తమ్ముడికీ కూతురికీ విడివిడిగా ఫోన్ చేసి, ఇద్దరినీ ఒంటిగంటకే రమ్మంది. ఎందుకని అడిగితే గ్యాస్ అయిపోవచ్చిందని చెప్పింది. గుమ్మంలో ఎదురుపడి ఇద్దరూ చెరో గోడా చూశారు. వెనక్కి పోదామంటే అప్పటికే చెప్పులు విప్పేశారు. భార్య ఆ చెప్పులు తీసుకెళ్లి లోపలి గదిలో పెట్టి తాళం వేసింది. రాసే అమ్మాయిని అరసున్న గారు "పత్రికల పరిచయం" అని చెప్పి తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

పది నిమిషాలు వడ్డించే గరిటెల చప్పుడే. తర్వాత మామయ్య గోడకి చెబుతున్నట్టు అన్నాడు. "కొంతమందికి కళ్ల ముందు ఉన్నది కనిపించదు."

కూతురు నీళ్ల గ్లాసుకి చెప్పింది. "కొంతమందికి చూపించింది తప్ప ఇంకేం కనిపించదు."

అక్కడి నుంచి అందుకున్నారు. ఆయన బెంచీలన్నాడు, ఈమె చేతులంది. ఆయన "వెన్నెముక లేని జాతికి..." అని మొదలుపెట్టి, తర్వాతి మాట అందక చెయ్యి గాల్లో తిప్పాడు.

రాసే అమ్మాయి తల వంచుకుని తింటూనే పెదవులు కదుపుతోంది. ఆయన తడుముకోవడం చూడలేకపోయింది. "వెన్నెముక లేని కాదండీ. 'వెన్ను చూపని జాతికి వెనకడుగు నేర్పకండి.'"

"ఆఁ, అదీ!" అన్నాడు మామయ్య గర్వంగా. "చూశారా, ఈ అమ్మాయి మన మనిషి!"

కూతురు కస్సుమంది. "అలాంటి డొల్ల మాటలకి ఎప్పుడో జవాబు చెప్పారు. 'వెన్ను చూపొద్దన్నవాడు... మన వెన్ను మీద...'"

"'మన వెన్ను మీదే కూర్చుని ఉన్నాడు'" అంది రాసే అమ్మాయి, ఆపుకోలేక.

కంచాల దగ్గర చేతులు ఆగిపోయాయి. మామయ్యా మేనకోడలూ ఎనిమిది నెలల్లో మొదటిసారి ఒకరి మొహం ఒకరు చూసుకుని, తర్వాత ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

"రెండూ నీకెలా తెలుసు?" అంది కూతురు.

ఆమె అరసున్న గారి వైపు చూసింది. ఆయన కంచం వైపు చూశాడు. "రెండూ నేనే రాస్తానండీ" అంది.

మామయ్య ఫక్కున నవ్వాడు. "నీకేం తెలుసమ్మా! గర్జన రాసేది సైన్యంలో పనిచేసిన పెద్దాయన. ఆ మాటలోనే తెలిసిపోతుంది, ఆ గొంతు!"

"ధిక్కారం పన్నెండుమంది కలిసి చర్చించుకుని నడిపే పేజీ. వాళ్ల పరిచయంలోనే ఉంది" అంది కూతురు.

"ఆ పన్నెండుమందినీ నేనే పుట్టించాను. ఆ పెద్దాయన్నీ నేనే కన్నాను" అంది ఆమె బేలగా.

"అయితే ఇప్పుడు చెప్పు చూద్దాం" అన్నాడు మామయ్య, చెయ్యి కంచంలో పెట్టి. "ఇవాళ అక్క కంగారులో కూరలో ఉప్పు ఎక్కువ వేసింది. దాని మీద చెప్పు."

ఆమె ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. కుర్చీని ఆయన వైపు జరుపుకుంది. గొంతు మారిపోయింది. "తరతరాలుగా మన వంటింటికి కాపలా కాసిన ఉప్పు ఇది. నిన్న కారం ఎక్కువన్నారు, ఊరుకున్నాం. ఇవాళ ఉప్పు ఎక్కువంటున్నారు, ఊరుకుంటున్నాం. రేపు గిన్నే వద్దంటారు! మన గిన్నెని మనం కాపాడుకోలేమా? మేలుకో!"

మామయ్య తనకి తెలియకుండానే కుర్చీలోంచి సగం లేచాడు.

ఆమె కుర్చీని కూతురి వైపు తిప్పుకుంది. "గిన్నెలో ఉప్పు పోసిన చెయ్యి ఎవరిది? నోరు మూసుకుని మింగాల్సిన గొంతు ఎవరిది? ఎక్కువైంది ఉప్పు కాదు, మన ఓర్పు. నువ్వు మింగే ప్రతి ముద్దా వాళ్లకి నువ్వు పెట్టే సంతకం. ప్రశ్నించు!"

కూతురి పిడికిలి బల్ల మీద దానంతటదే బిగుసుకుంది. చూసుకుని మెల్లిగా విప్పింది.

"ఉప్పు ఎన్ని చెంచాలు ఎక్కువైందో రెండిట్లోనూ లేదు" అంది లెక్కల టీచరు.

ముందు ఎవరు నవ్వారో తెలియదు. మామయ్యకి పొలమారింది. కూతురు ఆయన వీపు మీద చరుస్తూ తనూ నవ్వింది. నవ్వు తగ్గాక ఒక్కసారిగా ఆయన మొహం చిన్నబోయింది.

"నా పుట్టినరోజుకి మెసేజ్ పెట్టింది కూడా నువ్వేనా?"

"నేనేనండీ."

"ద్రోహుల్ని తలుచుకోవద్దన్నది?"

"అదీ నేనే. క్షమించండి. ఎవరో ఏమిటో తెలియకుండా రాసేశాను."

"ఎవర్ని ద్రోహి అన్నావు?" అంది కూతురు. తర్వాత సంగతి అర్థమై ఆగిపోయింది. "మామయ్యా, ఆ రోజు నేను ఫోన్ చేద్దామనే అనుకున్నాను. చేతిలోకి తీసుకున్నాను కూడా."

"మరి చేయలేదేం?"

"ఈవిడ వద్దంది."

"నీ మామయ్యకి ఫోన్ చేయడానికి ఈవిడ పర్మిషన్ ఎందుకే?"

"నా మీద బాధ చెప్పుకోవడానికి నీకు ఈవిడెందుకైంది?"

ఇద్దరూ మళ్లీ కస్సుబుస్సుమనబోయి ఆగారు. మామయ్య కంచంలో గీతలు గీస్తూ, కాసేపటికి అడిగాడు. "మీ ఇంటి తలుపు తాళం ఇంకా బిగుసుకుపోతోందా?"

"ఎనిమిది నెలలుగా భుజంతో తోసుకుంటున్నాను."

"వేరేవాళ్లని పిలవలేకపోయావా?"

"వేరేవాళ్లని ఎలా పిలుస్తాను?" అంది కూతురు. మామయ్య మొహం తిప్పుకుని మంచినీళ్లు కావాలన్నాడు. ఆయన గ్లాసు నిండుగానే ఉంది.

అంతటితో ఇద్దరూ ఒకే మాట మీదకి వచ్చేశారనుకుంటే పొరపాటే. భోజనాలయ్యాక బెంచీల గొడవ మళ్లీ మొదలైంది. కాకపోతే ఈసారి తమాషాగా సాగింది. పేజీ మాట నోటి దాకా రాగానే ఇద్దరూ రాసే అమ్మాయి వైపు చూసి నాలుక కరుచుకునేవారు. సొంతంగా చెప్పబోతే మాటలు దొరికేవి కావు. "అంటే... నేననేది ఏమిటంటే..." అని మామయ్య అయిదు నిమిషాలు తంటాలు పడ్డాడు. దుకాణం ముందున్న పాత బెంచీ మీద ఎవరో పడుకుని ఉంటే, పొద్దున్నే షట్టర్ ఎత్తే చప్పుడుకి వాళ్లు ఉలిక్కిపడి లేచేవారట. ఆ చూపు ఆయనకి ఏదోలా ఉండేదట. కోపమో జాలో తెలియదట. ఆసుపత్రికి వచ్చే మోకాళ్ల నొప్పుల ముసలమ్మలు కొత్త బెంచీలో ఇరుక్కుని లేవలేకపోతున్నామన్నారట. కూతురికి తెలిసింది అంతే. ఇంతకుముందు ఇద్దరూ ఈ మాటలు అనుకోనేలేదు.

"అసలు ఆ కొత్త బెంచీ మీద కూర్చుని చూశావా నువ్వు?" అన్నాడాయన.

"నువ్వు చూశావా?"

చెప్పుల గది తాళం తీయించుకుని, సాయంత్రం నాలుగింటికి అయిదుగురూ వీధి చివరికి నడిచారు. మామయ్య ఒక అరలో కూర్చున్నాడు. ఆయన నడుం పట్టింది గానీ, ఇనప చేతులు పక్కటెముకల్లో దిగాయి. కూతురు పక్క అరలో కూర్చుంది. ఎండకి కాగిన ఇనుము చురుక్కుమంటే ఎగిరి లేచింది. అరసున్న గారు మాత్రం హాయిగా పట్టాడు. "ఇది నాబోటి సన్నవాళ్ల కోసం వేసినట్టుంది" అన్నాడు. మామయ్యని అందులోంచి బయటికి లాగడానికి మేనకోడలికి రెండు చేతులూ కావలసొచ్చాయి.

బెంచీ బాగాలేదన్న సంగతి తేలింది. ఎందుకు బాగాలేదన్నది మాత్రం తేలలేదు. ఆయన దృష్టిలో అది పనికిరాని కాంట్రాక్టరు తప్పు. ఆమె దృష్టిలో అది మనసు లేని ఆఫీసర్ల తప్పు.

రాసే అమ్మాయి రెండు నెలల్లో రెండు పేజీలూ వదిలేసి, మళ్లీ రేడియోకి వెళ్లింది. గర్జన, ధిక్కారం ఆగలేదు. ఎవరో కొత్తవాళ్లు వచ్చారు, చదివేవాళ్లకి తేడా తెలియలేదు. మామయ్య ఇప్పటికీ గర్జనే చూస్తాడు, మేనకోడలు ధిక్కారమే చదువుతుంది. కోపమొచ్చే పోస్టు కనిపిస్తే మాత్రం అతికించుకోవడం మానేసి, ఒకరికొకరు ఫోన్ చేసి తిట్టుకుంటారు. తిట్టుకున్నాక, తిన్నావా అని అడుగుతారు.

బెంచీ గురించి నగరపాలక సంస్థకి ఇద్దరూ కలిసి ఉత్తరం రాద్దామనుకున్నారు. దానికి మూడు వారాలు పట్టింది. ఆయన 'సిగ్గులేని' అని రాస్తే ఆమె కొట్టేసింది. ఆమె 'అమానుష' అని రాస్తే ఆయన కొట్టేశాడు. కాగితం గీతలతో నిండిపోయింది. చివరికి అరసున్న గారి ముందు పెట్టారు. ఆయన ఎర్ర కలంతో విశేషణాలన్నీ తీసేశాడు. అయిదు వాక్యాలు మిగిలాయి: బెంచీ ఎక్కడుంది, వెడల్పెంత, ఎవరికి పట్టదు, ఎండలో ఎంత కాలుతుంది, ఏం చేస్తే బాగుంటుంది. ఇద్దరూ సంతకాలు పెట్టారు.

నెలకి జవాబొచ్చింది. 'మీ లేఖ అందింది. విషయం పరిశీలనలో ఉంది.'

"చూశావా! రెండు ముక్కల్లో దులిపేసుకున్నారు" అన్నాడు మామయ్య.

"పరిశీలనలో ఉందట! ఎవరి పరిశీలన? ఎన్నాళ్లు?" అంది మేనకోడలు.

మామయ్య కొత్త కాగితం తీసి బల్ల మీద పరిచాడు. ఆమె కుర్చీ లాక్కుని ఆయన పక్కనే కూర్చుంది.